మంట కనిపించని పొయ్యి: అమ్మాయి ఇంట్లో ఎలక్ట్రిక్ రేంజ్‌తో పదహారు నెలలు

అమెరికాలో నా మొదటి పొద్దునే పాలు పొంగిపోయాయి. గుంటూరులో మా ఇంట్లో పొద్దుటి పాలు కాచేది ఎప్పుడూ నేనే. నురగ గిన్నె అంచుదాకా రాగానే నాబ్ తిప్పేస్తే పాలు దిగిపోతాయి. ఇక్కడా అలాగే తిప్పాను. పాలు ఆగలేదు. నాబ్ మళ్లీ చూశాను, ఆఫ్‌లోనే ఉంది. నేను చూస్తూ ఉండగానే పాలు గిన్నె దాటి, ఎర్రటి కాయిల్ మీద పడి, ఇల్లంతా మాడు వాసన. మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి గిన్నె పక్కకి లాగింది. "నాన్నా, దీంట్లో ఆఫ్ చేస్తే సరిపోదు, గిన్నె తీసెయ్యాలి" అంది.

ఆ ఒక్క మాటే ఈ పొయ్యి గురించి మొదట తెలుసుకోవాల్సింది. గ్యాస్ మీద మంట ఆరితే వేడి ఆగుతుంది. కరెంటు పొయ్యిలో నాబ్ తిప్పితే కరెంటు మాత్రమే ఆగుతుంది, కాలిన కాయిల్‌లో ఉన్న వేడి ఇంకా చాలాసేపు పని చేస్తూనే ఉంటుంది. మంట కనిపించదు కాబట్టి మన కళ్లు, మన చేతులు ఏళ్ల తరబడి నేర్చుకున్న జాగ్రత్త ఇక్కడ పని చేయదు.

నేను విద్యుత్ శాఖలో 31 ఏళ్లు పని చేసి రిటైరయ్యాను. చివరి ఎనిమిదేళ్లు సబ్‌స్టేషన్‌లో. మా ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి వంట చాలావరకు నాదే. ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉన్న మా అమ్మాయి ఇంటికి ఇది మూడో రాక. మూడు విడతలూ కలిపితే పదహారు నెలలు ఈ ఇంట్లో కరెంటు పొయ్యి మీద రోజూ వండాను. నాలాగే ఏటా ఎంతోమంది అమ్మానాన్నలు మన ఊళ్ల నుంచి వచ్చి, ఆరేసి నెలలు పిల్లల ఇళ్లల్లో ఉండి, ఆ వంటగదుల్లో వండిపెడుతున్నారు. వాళ్లకి టీవీ రిమోట్ ఎలా వాడాలో చెప్తారు, తలుపు తాళం నంబరు చెప్తారు, పొయ్యి గురించి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. రేంజ్ అంటే పైన బర్నర్లు, కింద ఓవెన్ కలిసి ఉండే పొయ్యి. ఈ తరగతిలో గాజు పలక రేంజ్‌లన్నీ దాదాపు ఒకేలా పని చేస్తాయి.

పాలు పొంగిన ఆ కాయిల్ పొయ్యి ఇంటితోపాటు వచ్చింది, చాలా పాతది. 2022 అక్టోబరులో దాన్ని తీసేసి కొత్తది కొన్నారు. వెడల్పు 30 అంగుళాలు, పైన నల్లటి గాజు పలక, కింద ఓవెన్, నాబులు ముందు వైపు. పన్నులతో కలిపి 900 డాలర్లు దాటింది. పైన నాలుగు బర్నర్లు, వాటి మధ్య వండినవి వెచ్చగా ఉంచడానికి 100 వాట్ల చిన్న చోటు. ముందున్న పెద్ద బర్నర్లు రెండూ 3000 వాట్లు, వెనక చిన్నవి 1200 వాట్లు. 3000 వాట్ల బర్నర్ ఇరవై నిమిషాలు పూర్తిగా వెలిగితే ఒక యూనిట్ కాలినట్టు. మా అమ్మాయి బిల్లులో యూనిట్‌కి 16 సెంట్లు పడుతోంది. ఖర్చు గురించి నాకు పెద్దగా ఫిర్యాదు లేదు.

బిగించడం గురించి మాత్రం కొంచెం ఎక్కువ రాస్తాను. ఇబ్బంది వచ్చింది అక్కడే.

ఇక్కడ ఇళ్లల్లో మామూలు సాకెట్‌కి 120 వోల్టులు. పొయ్యికి 240 వోల్టులు కావాలి కాబట్టి రెండు ఫేజు తీగలు తెస్తారు, ఒక్కోదానికీ, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగకీ మధ్య 120, రెండిటి మధ్య 240. బర్నర్లు 240 మీద నడుస్తాయి. గడియారం, లోపలి లైటు 120 మీద. దీనికి ప్యానెల్‌లో విడిగా జంట బ్రేకర్ ఉంటుంది, మా ఇంట్లో 40 ఆంపియర్లది. ఆ లైను మీద ఇంకేదీ ఉండకూడదు.

మా అమ్మాయి ఇల్లు 1989లో కట్టింది. గోడకి మూడు రంధ్రాల సాకెట్ ఉంది. రెండు ఫేజులు, ఒక న్యూట్రల్. ఎర్త్ లేదు. పొయ్యి ఇనప బాడీని కూడా ఆ న్యూట్రల్‌కే కలిపేస్తారు. అది ఎప్పుడైనా వదులై తెగితే ఆ ఇనప బాడీకి కరెంటు వస్తుంది. న్యూట్రల్ తెగితే ఏమవుతుందో నేను ఉద్యోగంలో చూశాను, ఆ ఇళ్లు ఇప్పటికీ గుర్తున్నాయి. అమెరికా విద్యుత్ నియమావళి 1996 నుంచి కొత్తగా వేసే లైన్లకి నాలుగు తీగలు, అంటే ఎర్త్ విడిగా, తప్పనిసరి చేసింది. పాత సాకెట్లని అలాగే వాడుకోవచ్చని కూడా అంది. "అలాగే ఉంచుదాం మామయ్యగారూ, రూల్ ఒప్పుకుంటుంది కదా" అన్నాడు అల్లుడు. నేను ఒప్పుకోలేదు. అడుగులు నేర్చుకుంటున్న పిల్ల ఆ పొయ్యిని పట్టుకుని నిలబడే ఇల్లు అది. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి నాలుగు తీగల లైను వేయించాం. పొయ్యి ధరలో సగం పైనే అయింది. ఇప్పటికీ ఆ డబ్బు సరైన చోటే పెట్టామంటాను. పాత ఇల్లు కొనుక్కున్న పిల్లలు ఒక్కసారి పొయ్యి వెనక సాకెట్‌కి ఎన్ని రంధ్రాలున్నాయో చూసుకోండి.

రేంజ్‌తో పాటు తీగ రాదు, అది వేరుగా కొనాలి. తెచ్చినవాళ్లు ఇరవై నిమిషాల్లో తీగ బిగించి, ప్లగ్ పెట్టి, సంతకం తీసుకుని వెళ్లిపోయారు. నేను అప్పుడు నిద్రలో ఉన్నాను. లేచి చూసి ఉంటే బాగుండేది.

రెండు నెలలకి, డిసెంబరులో, ఒక సాయంత్రం పప్పు పెట్టి ఎంతసేపు చూసినా బర్నర్ ఎర్రబడలేదు. మిగతా మూడూ చూశాను, ఏదీ వేడెక్కలేదు. గడియారం మాత్రం వెలుగుతోంది. గడియారం వెలుగుతూ బర్నర్లు చల్లగా ఉన్నాయంటే రెండు ఫేజుల్లో ఒకటి పోయిందని అర్థం. వంగి వాసన చూస్తే వెనక నుంచి బేకలైటు కాలిన వాసన. వెంటనే కిందికి వెళ్లి బ్రేకర్ దించేశాను. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి రేంజ్ ముందుకి లాగి వెనక మూత తీస్తే, ఒక ఫేజు తీగ బిగించిన చోట స్క్రూ వదులుగా ఉంది. అది వేడెక్కి వేడెక్కి, టెర్మినల్ నల్లగా మాడి, తీగ మీది తొడుగు కరిగింది. ఇంకో నెల అలా నడిచి ఉంటే గోడ అంటుకునేదేమో. షాపువాళ్లు టెర్మినల్, తీగ ఉచితంగా మార్చారు, క్షమించమన్నారు. అది మంచిదే. కానీ స్క్రూ గట్టిగా బిగించడానికి పట్టేది పది సెకన్లు.

ఇంకో సంగతి. అదే రోజు ఓవెన్ కింది సొరుగులో ఒక ప్లాస్టిక్ సంచి దొరికింది. అందులో ఒక ఇనప పట్టీ, నాలుగు స్క్రూలు, మడతపెట్టిన కాగితం. అది పొయ్యి ముందుకి పల్టీ కొట్టకుండా నేలకో గోడకో బిగించి, వెనక కాలు అందులో ఇరికించే పట్టీ. ఇక్కడి భద్రతా ప్రమాణాల ప్రకారం 1991 నుంచి విడిగా నిలబెట్టే రేంజ్‌లన్నింటికీ ఇది ఉండాలి. మాకు తెచ్చినవాళ్లు బిగించనే లేదు. ఓవెన్ తలుపు కిందికి తెరుచుకుంటుంది. తెరిచిన ఆ తలుపు మీద ఒక పిల్ల ఎక్కి నిలబడినా, పెద్దవాళ్లు బరువైన పళ్లెం పెట్టి చేయి ఆనించినా, పట్టీ లేకపోతే పొయ్యి మొత్తం ముందుకి వాలుతుంది. పైనున్న మరిగే సాంబారు గిన్నెతో సహా. ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. పైన గిన్నెలేవీ లేనప్పుడు, పొయ్యి చల్లగా ఉన్నప్పుడు, వెనక పై అంచు పట్టుకుని మెల్లగా ముందుకి వంచి చూడాలి. కొంచెం కదిలి ఆగిపోతే పట్టీ ఉన్నట్టు. ఆగకుండా వస్తుంటే వెంటనే వదిలేసి బిగించే మనిషిని పిలవాలి. సొరుగు బయటికి తీసి టార్చి వేసి చూసినా కనిపిస్తుంది.

ఇక వంట. మన వంటకి ఇది పనికొస్తుందా అని చాలామంది అడుగుతారు. పనికొస్తుంది. కొన్ని గిన్నెలు మార్చుకోవాలి, కొన్ని అలవాట్లు మార్చుకోవాలి.

గాజు పలక మీద గిన్నె అడుగు పూర్తిగా ఆనాలి. అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు పనికిరాదు, మధ్యలో రూపాయి బిళ్లంత చోటే వేడెక్కుతుంది. మా ఆవిడ గుంటూరు నుంచి ఇష్టంగా మోసుకొచ్చిన ఇనప మూకుడు అటక ఎక్కింది. దాని బదులు అడుగు చదునుగా ఉన్న మందపాటి స్టీలు మూకుడు కొన్నాం. అట్ల పెనం పోత ఇనుముదే, అట్లు బ్రహ్మాండంగా వస్తాయి. ఒకసారి వేడెక్కాక ఆ పెనం వేడి తగ్గదు, కాబట్టి నాబ్ అయిదు దాటనివ్వను. కానీ పెనాన్ని గాజు మీద జరపకూడదు, ఎత్తి పెట్టాలి, ఎత్తి తీయాలి. అడుగున గరుకుగా ఉంటే గీతలు పడతాయి. అల్యూమినియం గిన్నెలు జరిపితే వెండి రంగు చారలు పడతాయి, అవి గీతల్లా కనిపిస్తాయి కానీ రుద్దితే పోతాయి. గిన్నె అడుగు బర్నర్ వలయం కన్నా అంగుళం మించి పెద్దదిగా ఉండకూడదు. పెద్ద బిందెలాంటి గిన్నె పెట్టి గంటలు మరిగిస్తే వేడి కిందనే చిక్కుకుని గాజుకి ప్రమాదం.

ప్రెషర్ కుక్కర్ గురించి. గ్యాస్ కన్నా మొదటి విజిల్ ఆలస్యంగా వస్తుంది. అయితే ఆఫ్ చేశాక కూడా ఒకటో రెండో విజిల్స్ వస్తాయి. అన్నం మూడు విజిల్స్‌కి ఉడకాలంటే రెండో విజిల్‌కే ఆఫ్ చేసి అక్కడే వదిలేస్తాను. ఆ మిగిలిన వేడిని వాడుకోవడం అలవాటైతే ఈ పొయ్యి నిజంగా బాగుంటుంది. పెరుగుకి పాలు గోరువెచ్చగా ఉంచడానికి, ఉప్మా మగ్గడానికి, చారు వేడి తగ్గకుండా ఉండడానికి అది చాలు.

మొదట్లో నన్ను గాబరా పెట్టింది ఒకటుంది. హైలో పెట్టినా బర్నర్ ఎర్రగా వెలిగి, ఆరి, మళ్లీ వెలుగుతూ ఉంటుంది. కరెంటు సరిగా రావడం లేదేమో అనుకున్నాను. కాదు. గాజు హద్దు మీరి వేడెక్కకుండా బర్నర్ లోపలి స్విచ్ కరెంటుని ఆపుతూ ఇస్తూ ఉంటుంది. తక్కువ మంట కావాలన్నా అదే పద్ధతి, ఎంతసేపు వెలగాలి, ఎంతసేపు ఆరాలి అన్నదే మారుతుంది. ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. ఆరి ఉన్న ఆ కొద్దిసేపట్లో చూసినవాళ్లకి పొయ్యి నల్లగా, చల్లగా కనిపిస్తుంది. కొన్నాళ్ల కింద మా పక్కింటి పెద్దావిడ అలాగే అనుకుని దాని మీద ప్లాస్టిక్ పళ్లెం పెట్టారు. చేయి పెట్టలేదు, దేవుడి దయ.

చల్లారిందో లేదో చెప్పడానికి పొయ్యి ముందు భాగంలో ఒక చిన్న ఎర్ర దీపం ఉంటుంది. ఆఫ్ చేశాక కూడా గాజు వేడిగా ఉన్నంతసేపు అది వెలుగుతుంది. ఇంట్లో అందరికీ నేను పెట్టిన నియమం ఒకటే, దీపం ఆరితేనే చేయి పెట్టాలి. దానికీ ఒక మినహాయింపు చెప్పాలి. వంట మధ్యలో కరెంటు పోయినా, బ్రేకర్ పడిపోయినా, ఆ దీపం కూడా ఆరిపోతుంది. గాజు మాత్రం వేడిగానే ఉంటుంది. అలాంటప్పుడు కరెంటు వచ్చేలోగా నాబులన్నీ ఆఫ్ చేసి ఉంచాలి, లేకపోతే మనం మరిచిపోయిన నాబ్ కరెంటు రాగానే దానంతటది వెలుగుతుంది.

పుల్కాలు మంట మీద పొంగించడం కుదరదు. పెనం మీదే గుడ్డతో నొక్కి పొంగిస్తాను, ఎనిమిదింట్లో ఆరు పొంగుతాయి. వంకాయ పచ్చడికి వంకాయలు ఓవెన్‌లో పై సెగ మీద, అంటే బ్రాయిల్ మీద కాలుస్తాను. గ్యాస్ మీద కాల్చిన ఆ పొగ రుచి పూర్తిగా రాదు. కాయకి గాట్లు పెట్టడం మరవొద్దు, లేకపోతే లోపలే పేలుతుంది.

వేపుళ్లు, వడలు, పునుగులు వేసేటప్పుడు నేను చాలా జాగ్రత్తగా ఉంటాను, మీరూ ఉండండి. నూనె పొగ వస్తోందంటే అంటుకోవడానికి దగ్గరైనట్టే. గ్యాస్‌లా సెగ తగ్గించగానే నూనె శాంతించదు. అందుకని ఎప్పుడూ నాలుగు అయిదుల మధ్యే పెట్టి, మూకుడికి సరిపోయే మూత పక్కనే చేతికందేలా ఉంచుకుంటాను. నూనె అంటుకుంటే నాబ్ ఆఫ్ చేసి, మూత పక్కనుంచి జరిపి కప్పేయాలి, పూర్తిగా చల్లారేదాకా తీయకూడదు. నీళ్లు పోయకూడదు. మూకుడు ఎత్తుకుని పరుగెత్తకూడదు. ఓవెన్ లోపల ఏదైనా అంటుకుంటే తలుపు తీయకుండా ఆఫ్ చేసి ఉంచాలి, గాలి అందక అదే ఆరుతుంది. అదుపు తప్పుతోందనిపిస్తే అందరినీ బయటికి తీసుకెళ్లి ఇక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాలి. ఎన్‌ఎఫ్‌పీఏ అనే ఇక్కడి అగ్నిభద్రత సంస్థ చెప్పేదాన్ని బట్టి అమెరికా ఇళ్లల్లో అగ్నిప్రమాదాలకి మొదటి కారణం వంటే. పొయ్యి వదిలి వెళ్లడం అందులో పెద్ద కారణం. గ్యాస్ పొయ్యిలున్న ఇళ్ల కన్నా కరెంటు పొయ్యిలున్న ఇళ్లల్లో ఈ ప్రమాదాలు ఎక్కువని కూడా వాళ్లే అంటారు. ఏడాదిలో అన్నింటికన్నా ఎక్కువగా జరిగేది థాంక్స్‌గివింగ్ అనే ఇక్కడి విందు పండగ రోజున. మన దీపావళి, సంక్రాంతి వంటలు కూడా అలాంటి హడావుడే. మూకుడు పొయ్యి మీద ఉండగా ఇండియా నుంచి వీడియో కాల్ వస్తే, నేను కట్ చేసి తర్వాత మాట్లాడతాను. మా తమ్ముడు మొదట్లో నొచ్చుకున్నాడు, ఇప్పుడు అర్థం చేసుకున్నాడు.

చీర కట్టుకునే ఆడవాళ్లకి ఒక మాట. మంట ఉంటే కొంగు తెలియకుండానే వెనక్కి లాక్కుంటారు. ఇక్కడ మంట లేదు, నల్లటి గాజే. వెనక బర్నర్ మీదికి వంగినప్పుడు కొంగు ముందు బర్నర్ మీద పడినా తెలియదు. సింథటిక్ చీరైతే కరిగి ఒంటికి అంటుకుంటుంది. కొంగు నడుముకి దోపుకోండి, వదులుగా ఉండే చున్నీ తీసి పక్కన పెట్టండి.

2024 సంక్రాంతికి అరిసెలు వండాం. బెల్లం పాకం తీగ పాకం దాటి ఉండపాకానికి వస్తుండగా, మా ఆవిడ పిండి అందిస్తూ ఉంటే, పాకం పొంగి ఒక గరిటెడు గాజు మీద పడింది. పండగ హడావుడిలో తర్వాత తుడుద్దామనుకున్నాం. ఆ "తర్వాత" అనుకోవడమే మేము చేసిన తప్పు. పాకం చల్లారి రాయిలా గట్టిపడింది. దాన్ని గీకితే పాకంతో పాటు గాజు పొర కూడా చిన్న చిన్న పెచ్చులుగా లేచొచ్చింది. ముందు కుడి బర్నర్ మీద ఇప్పటికీ మూడు గుంటలున్నాయి. అడిగితే గాజు పలక మార్చడానికి మనిషి కూలీతో కలిపి 400 డాలర్లు పైనే చెప్పారు, ఇంకా మార్చలేదు.

మిగతా మరకలన్నింటికీ గాజు చల్లారేదాకా ఆగాలి. చక్కెర, బెల్లం, పాకం, జామ్ వీటికి మాత్రం ఆగకూడదు. కరిగిన ప్లాస్టిక్‌కి, అంటుకున్న అల్యూమినియం ఫాయిల్‌కి కూడా అంతే. బర్నర్ ఆఫ్ చేసి, గిన్నె తీసి, మందపాటి ఓవెన్ గ్లౌజు తొడుక్కుని, పొడుగు పిడి ఉన్న బ్లేడు గీకుడుతో వేడిగా ఉండగానే చల్లటి వైపుకి నెట్టేయాలి. తడిగుడ్డ పెట్టకూడదు, ఆవిరి చేతిని కాలుస్తుంది. మా ఆవిడ ఆ గ్లౌజు, గీకుడు రెండూ ఇప్పుడు పొయ్యి పక్క సొరుగులో పైనే పెడుతుంది. నిరుడు దసరాకి నేనిక్కడ లేను, అమ్మాయి బూరెలకి పూర్ణం ఉడికించింది, కొంచెం చింది పడితే అలాగే తీసేసిందట, గుంట పడలేదు.

రోజువారీ శుభ్రానికి పెద్ద శ్రమ లేదు. చల్లారాక తడిగుడ్డ, గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క చాలు. మాడిన మరకకి వంటసోడా నీళ్లతో ముద్ద చేసి రాసి, పావుగంట ఆగి, మెత్తటి గుడ్డతో రుద్దుతాను. మొండి మరకకి బ్లేడుని బాగా వాల్చి పట్టుకుని గీకాలి, నిలువుగా పట్టుకుంటే గీత పడుతుంది. స్టీలు పీచు వద్దు. అమోనియా ఉన్న కిటికీ అద్దాల స్ప్రే కూడా వద్దు, దాని మరక తర్వాతి వేడికి గాజులో కాలిపోయి ఉండిపోతుంది. గాజుకి పగులు కనిపిస్తే, అది వెంట్రుకంతదైనా, ఆ పొయ్యి వాడకండి. పొంగిన నీళ్లు ఆ పగులులోంచి లోపలి కరెంటుకి చేరతాయి. బ్రేకర్ దించి మనిషిని పిలవండి.

ఓవెన్ సంగతి. మన ఇళ్లల్లో చాలాచోట్ల ఓవెన్ అంటే గిన్నెల బీరువా. మా అమ్మాయి ఇంట్లోనూ ఇడ్లీ స్టాండు, మూకుళ్లు, రెండు ప్లాస్టిక్ డబ్బాలు అందులోనే ఉండేవి. ఒకరోజు అల్లుడు పిజ్జా కోసం 425 డిగ్రీల ఫారన్‌హీట్ పెట్టి పైకి వెళ్లాడు. పది నిమిషాలకి పొగ అలారం మోగింది. డబ్బాలు కరిగి కడ్డీల మీద నుంచి కారుతున్నాయి. ఆఫ్ చేసి, తలుపు మూసే ఉంచి, కిటికీలు తెరిచాం. పిల్లని పెరట్లోకి తీసుకెళ్లాం. ఆ రోజు నుంచి ఓవెన్‌లో ఏమీ పెట్టం. బటన్ నొక్కే ముందు తలుపు తీసి చూడటం ఇంట్లో అందరికీ అలవాటు చేశాను. ఓవెన్ వెలిగినప్పుడు వేడి గాలి పలక వెనక సందులోంచి పైకొస్తుంది. అందుకే నూనె సీసా, ఉప్పు డబ్బా అక్కడ ఉంచకూడదు.

సెల్ఫ్ క్లీన్ అనే బటన్ ఒకటుంది. తలుపు దానంతటదే తాళం పడి, లోపల దాదాపు 900 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా వేడెక్కి మురికిని బూడిద చేస్తుంది. మూడు గంటలపైనే పడుతుంది. నేను ఒక్కసారే వాడాను, నాకు నచ్చలేదు. వాసన, పొగ, ముట్టుకోలేనంత వేడి. వాడేవాళ్లు ముందే లోపలి కడ్డీలు తీసేసి, అడుగున పేరుకున్న నూనె తుడిచి, కిటికీలు తెరవాలి. ఇంట్లో చిలుకలు, పిట్టలు ఉంటే వాటిని బయటికి పంపాలి, ఆ పొగ వాటి ప్రాణం మీదికి వస్తుంది. ఆ వేడికి లోపలి ఫ్యూజు పోవడం కూడా మామూలే, కాబట్టి పండగ ముందు రోజు అసలు వద్దు. నేనైతే నెలకోసారి వంటసోడా ముద్ద రాసి రాత్రంతా ఉంచి పొద్దున తుడుస్తాను. తలుపు చుట్టూ ఉన్న మెత్తటి పట్టీని రుద్దకూడదు, అది చిరిగితే వేడి నిలవదు. ఓవెన్ అడుగున ఫాయిల్ పరచకూడదు.

ఈ పొయ్యిలో నాకు అసలు నచ్చనిది నాబులు ముందు వైపు ఉండటం. నొక్కి తిప్పాలి, నిజమే. కానీ పొట్ట తగిలినా, పిల్ల ఆడుకున్నా తిరగవచ్చు. 2024 ఆగస్టులో ఒక పెద్ద కంపెనీ ముందు నాబులున్న 11 లక్షలకు పైగా ఎలక్ట్రిక్ రేంజ్‌లని ఇందుకే రీకాల్ చేసింది. మనుషులో పెంపుడు జంతువులో తగిలి పొయ్యి దానంతటది వెలిగి మంటలొచ్చాయి. కొన్నవాళ్లకి నాబ్ తాళాలో, మూతలో ఉచితంగా ఇస్తామంది. మాది ఆ కంపెనీ కాదు, అయినా నాబులకి ప్లాస్టిక్ మూతలు కొని పెట్టించాను. కంట్రోల్ లాక్ అనే బటన్ ఉన్నా మాదాంట్లో అది ఓవెన్‌కే పని చేస్తుంది, బర్నర్లకి కాదు. మీది ఏదో చూసుకోండి. వంట కాగానే పలక మీద ఏదీ ఉంచం. ఖాళీగా ఉంటే పొరపాటున వెలిగినా కాలడానికి ఏమీ ఉండదు. పొయ్యికి మూడు అడుగుల దూరంలో నేల మీద ఎర్ర టేపు అంటించాను. మనవరాలికి ఇప్పుడు నాలుగో ఏడు. గీత దగ్గరికి వచ్చి ఆగి, "తాతయ్యా, రావచ్చా?" అని అడుగుతుంది. వద్దంటే అక్కడే కూర్చుని చూస్తుంది.

పైనున్న మైక్రోవేవ్‌లోనే పొగ లాగే ఫ్యాన్ ఉంది. అది గాలిని బయటికి పంపదు, వడకట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. మిరపకాయల తాలింపుకి చాలదు. తాలింపు వేసే ముందే ఫ్యాన్ వేసి, వెనక కిటికీ తీస్తాను. జల్లెడ లాంటి లోహపు ఫిల్టరుని నెలకోసారి వేడినీళ్లు, సబ్బులో నానబెట్టి కడుగుతాం. నూనె పేరుకుంటే అదే అంటుకుంటుంది. పొగ అలారం విసిగిస్తోందని బ్యాటరీ తీసేసిన ఇళ్లు చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

కొనాలా వద్దా అంటే, ఇంట్లో గిన్నెలు ఎక్కువగా హిండాలియం, ఇత్తడి, పాత స్టీలు అయితే ఇది సరిపోతుంది, ధరా తక్కువ. చిన్న పిల్లలుండి, అయస్కాంతం అంటుకునే గిన్నెలకి మారడానికి సిద్ధంగా ఉంటే, ఇంకొంచెం పెట్టి ఇండక్షన్ రేంజ్ కొనుక్కోమంటాను. అందులో గిన్నె తీయగానే వేడి ఆగుతుంది, గాజు కూడా గిన్నె వేడికి వెచ్చబడటమే తప్ప ఇంతగా కాలదు. మా అమ్మాయితోనూ, ఇది పాడైనప్పుడు అదే కొనమన్నాను. ఈ రేంజ్‌కి నేను అయిదుకి మూడున్నర ఇస్తాను. వంట విషయంలో నాలుగు. బిగించిన తీరుకి, ముందు నాబులకి అర మార్కు కోత.

ఈ వీధిలో నాలుగు తెలుగు ఇళ్లున్నాయి. పట్టీ సంగతి చెప్పాక మాది కాక రెండిళ్లల్లో చూశాను. ఒక ఇంట్లో ఉంది, రెండో ఇంట్లో లేదు, బిగించి వచ్చాం. నాలుగో ఇంట్లో పది నెలల పిల్లాడున్నాడు, ఇప్పుడే పట్టుకుని నిలబడుతున్నాడు. ఈ ఆదివారం పొద్దున వాళ్లింటికి వెళ్తున్నాను. పట్టీ, స్క్రూలు కొని సంచిలో పెట్టి ఉంచాను.